ఇంటి దొంగ

అమెరికాలో మా అక్కయ్య, బావగారు మమ్మల్ని మోటారు హోంలో తిప్పారు. అంటే చక్రాల మీది ఇల్లు! ఊళ్లో తిరగడానికి చిన్నకారు ఒకటి వెనకాల కట్టుకుంటారు.

అరిజోనాలో దిగి చూద్దుము కదా, కారు ముందరి అద్దం బీట వారింది. "నీ కంకరదారి సరదాయే ఇదంతా!" అని బావగారు అక్కయ్యమీద విరుచుకుపడ్డారు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

నేను వంగి చూశాను. మోటారు హోం వెనక చక్రం దగ్గర రబ్బరు పలక ఊడిపోయి ఉంది. రాయి విసిరింది మన ఇల్లే! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

ఉపాయాలు లేకపోలేదు. బండి వెనక వెడల్పంతా తెర కట్టవచ్చు. నేలకు మరీ దిగితే అది రోడ్డుకు రాసుకుంటుంది. కారు ముందు డాలు బిగించవచ్చు. దానికి తగిలిన రాయి ఎగిరి ఇంటి వెనక అద్దాన్నే కొట్టవచ్చు. కారుకు ముసుగు వేయవచ్చు. వదులైతే లోపల ఇసుక చేరి రంగు గీసుకుపోతుంది. అందుకే మొదటి కాపలా చక్రం దగ్గరే ఉండాలి.

బావగారు కొత్త పలక తెచ్చి బిగించారు.

"మాటకూ ఒకటి తేవలసింది" అంది అక్కయ్య.

ఆయన మెల్లగా, "కాఫీ నేను కలుపుతాలే" అన్నారు.