నేత్రదానంలోనూ ఉయ్యాలవాడ ముందుండాలి

ఉయ్యాలవాడ: కోతల కాలంలో వరి ఆకు కోసుకునో, నూర్పిళ్ళలో పొట్టు పడో కన్ను పుండు కావడం రైతుకూలీలకు కొత్త కాదు. వెంటనే డాక్టరు దగ్గరకు పోకుండా పసరు పోయించుకుంటే పుండు ముదిరి, నల్లగుడ్డు మీద తెల్లని పువ్వు మిగిలిపోతుంది. వయసు మీరాక అదే కంటికి శుక్లం కూడా వస్తే చూపు పూర్తిగా మూతపడుతుంది.

ఇటువంటి వారికి శుక్లం ఒక్కటే తీస్తే ప్రయోజనం తక్కువ. లాంతరు ఒత్తి ఎంత సరిచేసినా చిమ్నీకి మసి పట్టి ఉంటే వెలుగు రాదు కదా! అందుకే డాక్టర్లు తగిన రోగులకు రెండు పనులూ ఒకే ఆపరేషన్‌లో చేస్తున్నారు. మచ్చపడిన కార్నియాను తీసి, శుక్లాన్ని తొలగించి, కృత్రిమ లెన్సు అమర్చి, దాత కార్నియాను వెంట్రుక కన్న సన్నని దారంతో కుడతారు. కార్నియా మార్పిడి 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ చేతిలో, లెన్సు అమరిక 1949లో హెరాల్డ్ రిడ్లీ చేతిలో మొదలయ్యాయి.

రెండుసార్లు ఆపరేషన్, రెండుసార్లు కూలి పోగొట్టుకోవడం తప్పడం పేదలకు చిన్న మేలు కాదు. అయితే ఇది అందరికీ సరిపడదు. కొందరికి విడివిడిగా చేయడమే మంచిదని డాక్టర్లు నిర్ణయిస్తారు. చేసిన తరువాత కూడా చాలామందికి కళ్ళజోడు అవసరమవుతుంది. చుక్కల మందు నెలల తరబడి మానకూడదు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

లెన్సు ఫ్యాక్టరీలో తయారవుతుంది. కార్నియాను మాత్రం మనిషే ఇవ్వాలి. హైదరాబాదులో 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, 1989లో దాని నేత్రనిధి ఏర్పడ్డాయి. ఎన్ని నేత్రనిధులున్నా ఇచ్చేవారు లేనిదే ఫలితం సున్న. మరణించిన 6 గంటలలోగా కళ్ళు సేకరించాలి. అంతవరకు రెప్పలు మూసి, తడి దూది ఉంచి, ఫ్యాను ఆపి, తల కాస్త ఎత్తున పెట్టాలి. ముఖం వికారం కాదు. వృద్ధులు, కళ్ళజోడు వాడేవారు సైతం దానం చేయవచ్చు. ముందుగా ప్రతిజ్ఞాపత్రం రాయకపోయినా కుటుంబసభ్యులు సమ్మతిస్తే చాలు.

నేత్రనిధి ఫోను నెంబరును ప్రతి ఆరోగ్య కేంద్రం, పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయించడం అధికారుల బాధ్యత. చావు ఇంట ఆ మాట ఎత్తడం ఊరి పెద్దల బాధ్యత. 1866 కరువులో ఆకలిగొన్న వారికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి పుట్టిన గడ్డ ఇది. మట్టిలో కలిసే కళ్ళను మరొకరికి ఇవ్వడానికి ఇక్కడి ప్రజలు వెనుకాడరాదు.