బొండకొయ్య ఎవరి కాళ్లకు? (గ్రామ న్యాయం – 4)

మునసబు అంటే పాత నవలల్లో కండువా వేసుకుని కనిపించే పెద్దమనిషి అనుకుంటారు, యాప్రాల్‌లో నా దగ్గర చదువుకునే పిల్లలు. మిత్రులారా, కోస్తా, సీమ పల్లెల్లో మన తాతముత్తాతలు చూసిన జడ్జి ఆయనే.

1816లో మద్రాసు ప్రభుత్వం నాలుగో రెగ్యులేషన్‌తో చిన్న దావాలను మునసబు చేతికిచ్చింది. అదే ఏడాది పదకొండో రెగ్యులేషన్‌తో తిట్లు, చిన్న కొట్లాటలకు శిక్ష వేసే అధికారం గ్రామ పెద్దకిచ్చింది. ఏం శిక్ష? ఎవరినైనా చావడిలో 12 గంటల దాకా నిర్బంధించవచ్చు. 'కింది కులాల' వాళ్లనైతే కాళ్లు బొండకొయ్యలో బిగించి 6 గంటల దాకా ఉంచవచ్చు. కులాన్ని బట్టి శిక్ష మనుధర్మంలోనే కాదు, తెల్లదొర చట్టంలోనూ ఉంది.

1895 చట్టం ఆ కుర్చీకి వంశపారంపర్య హక్కును ఖాయం చేసింది. రాజ్యాంగం వచ్చాక కూడా అది పదేళ్లు బతికింది. తెనాలి తాలూకా నుంచి వెళ్లిన గాజుల దశరథ రామారావు కేసులో, 1960 డిసెంబరులో, వంశం చూసి ఉద్యోగమివ్వడం ఆర్టికల్ 16కు విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులన్నీ రద్దు చేసింది.

"అయిపోయిన కథ కదా సార్" అంటారు. అయిపోలేదు. కింది కోర్టుల నియామకాల్లో రిజర్వేషన్ ఉంది. హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో లేదు. జస్టిస్ కె. రామస్వామి 1989లో సుప్రీంకోర్టుకు వెళ్లారని ఒక్క పేరు చూపించి మన నోరు మూయించకండి. ఆ కుర్చీల్లోనూ మా వాటా రాజ్యాంగంలో రాయండి.

జై భీమ్.