నిందితునికి వకీలు ఉండవచ్చు, అబద్ధానికి ఉండరాదు

గత మాసం ఇషా నమాజు అనంతరం ఒక పెద్దమనిషి మా గదికి వచ్చి చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. చివరకు తల వంచుకొని ఇలా అన్నారు: “మౌలానా సాబ్, మావాడు శనివారం రాత్రి హైదరాబాదులో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో పట్టుబడ్డాడు. కారు ఎవరికీ తగల్లేదు, అల్‌హందులిల్లాహ్. కోర్టుకు రమ్మన్నారు. పక్కన కూర్చున్న మా తమ్ముడి కొడుకు తాగలేదు. ‘బండి నేనే నడిపానని చెబుతాను’ అంటున్నాడు. వకీలును పెట్టుకోవడం మన దీన్‌లో జాయిజేనా? ఆ ఒక్క మాటతో పిల్లవాడి నౌకరీ నిలుస్తుందంటే చెప్పించవచ్చునా?”

ఇవి రెండు ప్రశ్నలు. రెండింటికీ ఒకే జవాబు లేదు.

వకీలును నియమించుకోవడం ధర్మసమ్మతమే. మాఇజ్ (రజి) దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తన పాపాన్ని తానే ఒప్పుకున్నప్పుడు సైతం ఆయన (స) వెంటనే తీర్పు ఇవ్వలేదు. ఇతనికి మతి స్థిమితంగా ఉన్నదా అని విచారించారు, మద్యం సేవించాడా అని అడిగారు. ఒక వ్యక్తి లేచి అతని నోటి వాసన చూశాడు. సహీహ్ ముస్లింలో ఈ వృత్తాంతం ఉన్నది. నోటి వాసన ఒక్కటే శిక్షకు చాలునా అని ఫిఖ్హ్ పండితులు చర్చించారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) చాలునన్నారు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ షాఫిఈ (రహ్మ) చాలదన్నారు. బలవంతం వల్లనో పొరపాటు వల్లనో తాగి ఉండవచ్చునన్నది వారు చూసిన అవకాశం. నేడు వాసనకు బదులు యంత్రం వచ్చింది. నిదర్శనాన్ని పరీక్షించాలన్న సూత్రం మాత్రం మారలేదు.

మన దేశ చట్టమూ ఆ అవకాశం ఇస్తున్నది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటేనే నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మరల పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. అరెస్టు చేస్తే రెండు గంటలలోపు వైద్యపరీక్ష జరపాలి, లేనిచో విడిచిపెట్టాలి. యంత్రం సక్రమంగా పనిచేసిందా, నమోదైన అంకె ఎంత, అది ఈ పిల్లవానిదేనా అని వకీలు అడగవచ్చు. ఇది మోసం కాదు, న్యాయాన్ని సరిగా తూచమని కోరడమే. వకీలుకు రుసుము ఇచ్చుకోలేని పేదలు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు.

ఇక రెండవది. అది హరామ్. అన్నిసా సూరా 135వ ఆయతు, సాక్ష్యం మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం మీద నిలబడమని ఆదేశిస్తున్నది. అదే సూరా 105వ ఆయతు ద్రోహుల పక్షాన వాదించవద్దని హెచ్చరిస్తున్నది. వాదనా చాతుర్యంతో పరుల హక్కును గెలుచుకున్నవాడు నరకాగ్ని ముక్కనే పొందాడన్న భావం గల హదీసును ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు. చట్టం దృష్టిలోనూ న్యాయస్థానంలో అబద్ధపు సాక్ష్యానికి ఏడేళ్ల వరకు జైలు. తాగనివాడిని, తన అన్న మీది ప్రేమే తప్ప మరే దోషం లేనివాడిని, ఆ గొయ్యిలోకి ఎవరు దింపుతున్నారు? కన్నతండ్రీ, పెదతండ్రీ అయిన మీరే కదా!

అయితే మౌనం వేరు, అబద్ధం వేరు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతం చేయరాదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతున్నది. తనకూ అల్లాహ్‌కూ మధ్య ఉన్న పాపాన్ని కప్పి ఉంచి తౌబా చేసుకోవడం షరీఅత్‌లోనూ మేలైనదే. కాని ఆ కారు కింద ఒక మనిషి పడి ఉంటే మాట మారిపోయేది. అది దాసుల హక్కు. కోర్టు విడిచిపెట్టినా, నష్టపోయినవారికి చెల్లించనిదే, వారు క్షమించనిదే అది తీరదు.

ఆ పెద్దమనిషి మరొక మాట కూడా అన్నారు: “వాడి ముఖం చూడబుద్ధి కావడం లేదు.” మద్యం సేవించి పదే పదే శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించినప్పుడు దైవప్రవక్త (స) వారించారు, అతనికి అల్లాహ్ మీద, ఆయన ప్రవక్త మీద ప్రేమ ఉన్నదని చెప్పారు. శిక్షను ఆపలేదు, శాపాన్ని ఆపారు. తండ్రులు నేర్చుకోవలసింది ఇదే. తాళంచెవి తీసుకోండి, జరిమానా వాడి జీతం నుండే కట్టించండి, ఫజ్ర్‌కు వెంటబెట్టుకొని మస్జిదుకు తీసుకురండి. తలుపు మాత్రం మూయకండి.

ఆయన లేచి, “తమ్ముడి కొడుకుకు ఈ రాత్రే చెబుతాను, ఆ మాట ఎత్తవద్దని” అన్నారు. తీర్పు ఏమైనదో మేము అడగలేదు. రెండు వారాల తరువాత ఫజ్ర్ నమాజులో, చివరి వరుసలో, ఆయన పక్కన ఒక యువకుడు నిలబడి ఉండడం చూశాము.

మన సంతానాన్ని మద్యం నుండి, మన నాలుకలను అబద్ధపు సాక్ష్యం నుండి అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.