నీళ్లు తాగమని ఫోన్ చెప్తే సరిపోతుందా?

మార్చి నెల, మధ్యాహ్నం రెండున్నర. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఉండగా జేబులో ఫోన్ వణికింది. "నీళ్లు తాగే టైమ్ అయింది" అని మెసేజ్, పక్కన నవ్వుతున్న నీటి బొట్టు బొమ్మ. నా బాటిల్ ఏమో బ్యాగులో, బ్యాగేమో ల్యాబ్ బయట. బ్యాగులు బయటే పెట్టాలి, అది రూలు. "తాగేశాను" అని ఒక నొక్కు నొక్కి, మళ్లీ బ్రెడ్‌బోర్డ్‌లో వైర్లు గుచ్చుకుంటూ కూర్చున్నా.

ఆ రోజు యాప్ లెక్క ప్రకారం నేను ఎనిమిది గ్లాసులు తాగాను. నిజంగా తాగింది పొద్దున టిఫిన్ దగ్గర ఒకటి, మెస్‌లో సాంబారన్నం తిన్నాక ఒకటి.

వారం తిరక్కుండా నా రూమ్‌మేట్‌కి యూరిన్ ఇన్ఫెక్షన్, చలి జ్వరం. తోడుగా నేనే వెళ్లా. "రోజుకి ఎన్ని నీళ్లు తాగుతావమ్మా?" అని డాక్టర్ గారు అడిగితే తల దించుకుంది. బయటికొచ్చాక నాతో అంది: "తాగితే వాష్‌రూమ్‌కి వెళ్లాలి కదే. మన బ్లాకులోవి ఎలా ఉంటాయో నీకు తెలీదా?"

తెలుసు. మా క్లాసు అమ్మాయిల్లో చాలామంది చేసే పని అదే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా గొంతు తడుపుకుంటాం, అంతే. ఈ లెక్క అడిగే యాప్ నాకు ఇంతవరకు కనపడలేదు.

ఇక్కడ నా నేరం కూడా ఒప్పుకోవాలి. పోయిన సెమిస్టర్ మా బ్యాచ్ మినీ ప్రాజెక్టు స్మార్ట్ కోస్టర్. కింద లోడ్ సెల్, దానికి హెచ్‌ఎక్స్ 711 బోర్డు, ఆపైన నోడ్‌ఎంసీయూ. మిల్లీలీటరు నీళ్లు దాదాపు గ్రాము బరువు కాబట్టి, బాటిల్ ఎంత తేలికైతే అంత తాగినట్టు. గంటసేపు బరువు మారకపోతే ఫోన్‌కి మెసేజ్. డెమో బాగా వచ్చింది, మార్కులూ పడ్డాయి. ఆ తర్వాత దాన్ని ఎవరూ వాడలేదు. చేసిన మేమే వాడలేదు.

ఎందుకంటే మేం కొలిచింది తప్పు చోట. దాహం చెప్పే సెన్సర్ మన మెదడులోనే ఉంది. రక్తం కాస్త చిక్కబడితే చాలు, హైపోథాలమస్ అలారం కొడుతుంది. అలారం మోగాక నీళ్లు అందుబాటులో లేకపోవడమే మన సమస్య. మా మూడో అంతస్తు కూలర్ ఖాళీ అయితే కిందికి దిగాలి. దిగి ఎక్కేసరికి పది నిమిషాల బ్రేక్ అయిపోతుంది.

ఆ ఎనిమిది గ్లాసుల మాట కూడా ఒకసారి చూడండి. 1945లో అమెరికా పోషకాహార బోర్డు రోజుకి రెండున్నర లీటర్లు అని చెప్పింది. అందులో ఎక్కువ భాగం తినే తిండిలోనే ఉంటుందని ఆ వెంటనే రాసింది కూడా. ఆ రెండో వాక్యాన్ని లోకం మర్చిపోయింది. మన పప్పుచారు, మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు అన్నీ నీళ్ల ఖాతాలోవే.

యాప్‌లు పనికిరావని నేను అనను. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకి రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత తాగమని చెప్తారు. వాళ్లకి లెక్క కావాలి. ఏసీ గదిలో రాత్రంతా కోడింగ్ చేస్తూ దాహమే మర్చిపోయేవాళ్లకీ మెసేజ్ పనికొస్తుంది. కానీ తాగే వీలే లేని మనిషికి పదిసార్లు గుర్తుచేయడం సాయం ఎలా అవుతుంది?

2019లో కేరళ బడుల్లో 'వాటర్ బెల్' మొదలైంది. తర్వాత మన తెలుగు రాష్ట్రాల బడులకీ వచ్చింది. అందులో ఉన్న టెక్నాలజీ ఒక గంట, అంతే. కానీ ఆ గంట టీచరుకీ వినపడుతుంది. పాఠం ఆగుతుంది, పిల్లలందరూ ఒకేసారి తాగుతారు. నా ఫోన్ నాకొక్కదానికే చెప్తుంది. గంట అందరికీ చెప్తుంది, తాగడానికి టైమూ ఇస్తుంది.

అందుకే వచ్చే బ్యాచ్‌లకి నా మాట: సెన్సర్‌ని బాటిల్ కింద నుంచి తీసి కూలర్ మీద పెట్టండి. ట్యాంకులో అల్ట్రాసోనిక్ సెన్సర్ పెడితే, ఖాళీ కాకముందే మెయింటెనెన్స్ అన్నకి మెసేజ్ వెళ్తుంది. టీడీఎస్ మీటరు ఒక్కటే పెట్టి సరే అనుకోవద్దు. అది కరిగిన లవణాల సంగతి చెప్తుంది, క్రిముల సంగతి చెప్పదు. ట్యాంకు ఎప్పుడు కడిగారో తేదీ కూడా స్క్రీన్ మీద కనపడాలి. వాష్‌రూమ్ తలుపు మీద ఒక క్యూఆర్ కోడ్ పెట్టండి. వచ్చిన కంప్లైంట్లు ఎన్ని, తీరినవి ఎన్ని అన్నది నోటీస్ బోర్డు దగ్గర అందరికీ తెలియాలి.

మేం కొందరం కలిసి లెటర్ రాశాం. ల్యాబ్ బయట బాటిళ్లకి ఒక ర్యాక్ వచ్చింది, మధ్యలో ఐదు నిమిషాల బ్రేక్ కూడా ఇస్తున్నారు. వాష్‌రూమ్‌ల సంగతి అడిగితే మాత్రం "చూద్దాం" అన్నారు. మళ్లీ రాస్తాం. ఈసారి సంతకాలు ఇంకా ఎక్కువ కావాలి, మీదీ ఒకటి పెట్టండి.

యాప్ మాత్రం డిలీట్ చేసేశా. దానికి అబద్ధాలు చెప్పలేక.