చెక్కు ఫొటోతో బిల్లు తీరదు

ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే చాలు, ‘ఇండస్ట్రీ పెద్దలున్నారు, చూసుకుంటారు, పేదవాళ్లకు ఆరోగ్యశ్రీ ఎలాగూ ఉంది’ అనే మాట వినబడుతుంది. రెండూ సగం నిజాలే. మిగతా సగం రోగి జేబు మీద పడుతోంది.

ఫిష్ వెంకట్ ఎన్నో సినిమాల్లో జనాన్ని నవ్వించారు. కిడ్నీ మార్పిడికి డబ్బు కావాలని ఆయన కుటుంబం మీడియా ముందు వేడుకోవలసి వచ్చింది. 2025 జులైలో ఆయన కన్నుమూశారు. అందరికీ తెలిసిన ముఖానికే ఆ గతి పడితే, కృష్ణానగర్ అద్దె గదిలోని లైట్‌మ్యాన్ కోసం ఏ చానల్ వస్తుంది?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. తెలంగాణలో 2023 డిసెంబరులో చికిత్స ఖర్చు పరిమితిని 10 లక్షలకు పెంచారు. అయినా బకాయిలు రాలేదని 2025 సెప్టెంబరులో ప్రైవేటు ఆసుపత్రులు ఆ పథకం సేవలు ఆపేస్తే, దిక్కుతోచక నిలబడ్డది రోగులే. జబ్బేమిటో తేలేదాకా ఓపీలో తిరిగే ఖర్చు, తోడున్నవాళ్ల తిండి, ఆటో చార్జీలు ఏ పథకమున్నా తప్పవు. మంచాన పడ్డ రోజుకు కూలీ కూడా ఉండదు.

సొంతంగా వైద్య బీమా పాలసీ కట్టుకున్నా గండం గట్టెక్కదు. రోజుకు 5,000 గది పరిమితితో 10,000 గదిలో చేరితే, చాలా పాలసీల్లో గది అద్దెతో పాటు డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీల్లోనూ సగం కోస్తారు. ఈ సంగతి డిశ్చార్జి రోజున బిల్లు చేతికొచ్చాకే తెలుస్తుంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశ వైద్య వ్యయంలో 39.4 శాతం జనం సొంత డబ్బే.

దాతలను తప్పుపట్టడం లేదు. చిరంజీవి 1998లో స్థాపించిన బ్లడ్ బ్యాంకు జూబ్లీహిల్స్‌లో ఇప్పటికీ నడుస్తోంది. ఎవరి మనసో కరిగేదాకా ఆగకుండా రోజూ పనిచేసే వ్యవస్థ కాబట్టే అది నిలిచింది. వైద్యఖర్చుకూ అలాంటి వ్యవస్థే కావాలి.

2025 ఆగస్టులో సినీ కార్మికులు 18 రోజులు సమ్మె చేసి వేతనాలు పెంచుకున్నారు. ఒక్క పెద్ద ఆపరేషన్ వస్తే ఆ పెంపు ఏ మూలకూ చాలదు. అందుకే యూనియన్లు ఈసారి చర్చలకు కూర్చున్నప్పుడు వేతనం పక్కనే వైద్య బీమా డిమాండునూ పెట్టాలి. నిర్మాతలు ప్రతి సినిమా బడ్జెట్‌లో దాని ప్రీమియం చేర్చాలి. వైద్యం కార్మికుడి హక్కు. దానికోసం అతను ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదు.