గాలిలోని కబురునకును వంతు కావలెను

తూములన్నియు ఒక్కసారి తెరచినచో కాలువ చివరి మడికి నీరందదు. అందుకే పెద్దలు నీటికి వంతులు ఏర్పరచిరి. నేడు పొలములలో పెట్టుచున్న తేమ సెన్సార్లకును ఈ నీతియే వర్తించునని నా అభిప్రాయము.

ఈ సెన్సారు నేలలోని తేమను కొలిచి, తీగ లేకుండ రేడియో తరంగముపై ఊరిలోని కేంద్రమునకు కబురు పంపును. మన దేశమున 865–867 మెగాహెర్ట్జ్ తరంగములను తక్కువ శక్తితో వాడుటకు 2005 నుండి లైసెన్సు అక్కరలేదు. తరంగము ఉచితమే, కాని అది అందరికిని ఉమ్మడి సొత్తు. రెండు కబురులు ఒకేసారి బయలుదేరినచో ఢీకొని, సాధారణముగా రెండును చెడును.

1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ ఏబ్రామ్‌సన్ బృందము "అలోహా" అను రేడియో వ్యవస్థను నడిపెను. ఎవరికి తోచినప్పుడు వారు పలికినచో, కాలములో నూటికి సుమారు 18 పాళ్లు మాత్రమే సద్వినియోగమగునని తేలినది. కాలమును సమభాగములు చేసి, ప్రతి కబురును భాగము మొదటనే పంపవలెనని నియమించినచో అది 37 పాళ్ల వరకు పెరుగును.

మన ఊరి లెక్క వేసి చూడుడు. ఒకే తరంగముపై 500 సెన్సార్లు, ఒక్కొక్కటి ఒక సెకను పట్టు కబురును 10 నిమిషములకొకసారి తోచిన వేళ పంపుచున్నవనుకొనుడు. 100 కబురులలో సుమారు 19 మాత్రమే చేరును. గంటకొకసారి పంపినచో 76 చేరును. కాలవిభాగము కూడ పాటించినచో 87 చేరును. సెన్సార్ల సంఖ్య తగ్గలేదు. కట్టుబాటు మాత్రమే వచ్చినది.

"ఎంత తరచుగా తెలిసిన అంత మంచిది కదా" యని కొందరందురు. పది నిమిషములలో నేల తేమ ఎంత మారును? అట్టి కబురుల వలన బ్యాటరీ త్వరగా అయిపోవును. అంతకన్న ముఖ్యముగా, పొరుగువాని మోటారు ఆగినదన్న కబురు దారిలో చెడవచ్చును. అతని పైరు ఎండినచో ఆ నష్టమెవరు తీర్తురు?

కావున పరికరములు కొనుటకు ముందే ఊరంతయు కూర్చుండి నిర్ణయించుకొనవలెను. తేమ కబురు గంటకొకసారి చాలును. మోటారు ఆగిన కబురు మాత్రము, అందినట్లు జవాబు వచ్చువరకు కొంత ఎడముతో మరల మరల పోవలెను. కేంద్రమును పొలములకు నడుమ, ఎత్తైన చోట నిలుపవలెను. దూరపు పరికరము నెమ్మదిగా పలికి తరంగమును ఎక్కువసేపు ఆక్రమించును. గ్రామాధికారులు పరికరముల సంఖ్యను, వాటి వేళలను ఒక పుస్తకములో వ్రాసియుంచుట మేలు.

నీటి వంతు తప్పినవానిని గట్టుమీదనే పట్టుకొనవచ్చును. గాలిలో వంతు తప్పినవాడు కంటికి కనబడడు. అందుచేత ఈ కట్టుబాటు ముందే కావలెను.