చెవికి కుదిరిన స్టెత్

నర్సింగ్ కాలేజీల్లో కొత్త బ్యాచ్ చేరే రోజుల్లో హైదరాబాద్ కోఠీలోని సర్జికల్ దుకాణాలు కిటకిటలాడతాయి. యాప్రాన్, సెకన్ల ముల్లున్న వాచీ, థర్మామీటర్, కత్తెర అని రాసుకున్న చీటీ పట్టుకుని పిల్లలు అమ్మతోనో నాన్నతోనో వస్తారు. మిగతావన్నీ చకచకా తేలిపోతాయి. స్టెతస్కోప్ దగ్గరికొచ్చేసరికి బేరం ఆగుతుంది. కొన్ని వందల రూపాయలవి మొదలు వేలల్లో పలికేవాటి దాకా అన్నీ ఒకే వరసలో వేలాడుతుంటాయి. చూడ్డానికి తేడా తెలియదు. అప్పుడు ఇంటి పెద్దల నోట ఓ మాట వస్తుంది: ‘‘అది డాక్టర్లది కదమ్మా, నర్సుకెందుకు?’’

ఆ పెద్దలను తప్పుపట్టలేం. స్టెత్ మెడలో ఉంటే డాక్టరేనన్న భావన లోకమంతటా పాతుకుపోయింది. 2015లో మిస్ అమెరికా పోటీలో కెల్లీ జాన్సన్ అనే నర్సు యూనిఫాంలో వేదికెక్కి, అల్జీమర్స్‌తో బాధపడుతున్న ఒక రోగికి తాను చేసిన సేవ గురించి చెప్పింది. ఆమె మెడలో డాక్టరు స్టెతస్కోప్ ఎందుకుందని ఓ టీవీ చర్చలో వ్యాఖ్యాత అడిగారు. నర్సుల మనసు నొచ్చుకుంది. తమ తమ స్టెత్‌లతో ఫొటోలు దిగి సామాజిక మాధ్యమాలను నింపేశారు. ఆ వ్యాఖ్యాత తర్వాత క్షమాపణ చెప్పారు.

వార్డులో జరిగేది చూస్తే ఆ ప్రశ్నే పుట్టదు. డాక్టరు రౌండ్స్‌లో మంచం దగ్గర కాసేపు నిలబడతారు, నర్సు షిఫ్టంతా అక్కడే ఉంటుంది. రాత్రి రెండింటికి ఆయాసపడుతున్న పెద్దాయన వీపుకు స్టెత్ ఆనించి, ఊపిరితిత్తుల అడుగున చిటపటలు వినిపిస్తున్నాయని డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసేది నర్సే. ఆపరేషన్ అయిన మనిషి పొట్టలో పేగులు కదులుతున్నాయా లేదా అని వినేదీ ఆమే. గుండె రోగులకిచ్చే డిగాక్సిన్ మాత్ర సంగతే చూడండి. అది ఇచ్చే ముందు నర్సు రోగి ఛాతీకి ఎడమవైపు గుండె కొట్టుకునే చోట స్టెత్ పెట్టి, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువొస్తే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే సరిపోదు. లయ తప్పిన గుండె కొట్టే ప్రతి దెబ్బా మణికట్టు దాకా రాదు. ఆ నిమిషంపాటు రోగి ప్రాణానికి కాపలా ఆ నర్సు చెవులే. అందుకే స్టెత్ నర్సుకు అలంకారం కాదు, అవసరం.

మరి ఏది కొనాలి? 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు ఒక యువతి గుండె చప్పుడు వినడానికి కాగితాన్ని గొట్టంలా చుట్టి వాడాడు. ఈ పరికరం పుట్టుకే అంత సాదాసీదా. బరువు తగ్గించి, నేటి నర్సులూ డాక్టర్లూ మెడలో వేసుకునే రూపానికి దారి వేసింది డేవిడ్ లిట్‌మన్ అనే అమెరికన్ గుండె వైద్యుడు, 1960ల మొదట్లో. ఇప్పుడు ఆ పేరున్న స్టెతే కావాలని పిల్లల పట్టు, సీనియర్ల మెడలో చూస్తారు కాబట్టి. మంచి పరికరమే, కాదనలేం. కానీ మొదటి సంవత్సరం విద్యార్థి చూడాల్సింది పేరుకన్నా ముందు చెవులు.

దుకాణంలోనే పెట్టుకుని చూడాలి. చెవి రంధ్రాలు కాస్త ముందువైపు వాలి ఉంటాయి కనుక, చెవిలో పెట్టుకునే మొనలు ముక్కువైపు తిరిగి ఉండాలి. తిరగేసి పెట్టుకుని, ఏమీ వినపడట్లేదు, ఇది మంచిది కాదని పక్కన పడేసే కొత్తవాళ్లు చాలామంది. మెత్తటి చివర్లు రంధ్రాన్ని నిండుగా మూయాలి, నొప్పి పెట్టకూడదు. బయటి రొద తగ్గిందంటే కుదిరినట్టే. అక్కడే సొంత గుండె విని చూసుకోవచ్చు. చెస్ట్ పీస్‌కు ఒకవైపు డయాఫ్రమ్, మరోవైపు బెల్ ఉంటే రెండింటి పనీ ఒక్కటే చేస్తుంది. ఊపిరి, పేగుల శబ్దాల వంటి సన్నటి ధ్వనులకు డయాఫ్రమ్, గుండెలోని మంద్రమైన చప్పుళ్లకు బెల్. గొట్టం దళసరిగా ఉండాలి, మరీ పొడుగు వద్దు. మంచం కమ్మీకి తగిలితే ఆ రాపిడే చెవిలో మోగుతుంది. పేరున్న వాటికి నకిలీలు ఎక్కువ, బిల్లు లేకుండా కొనొద్దు.

ఇవన్నీ ఉన్న స్టెత్ మధ్యరకం ధరలోనే దొరుకుతుంది. అసలు లాభం వేరే చోట ఉంది. క్లినికల్ పోస్టింగుల్లో బీపీ మిషన్ పెట్టెలో ఉండే ఒకే స్టెత్‌ను పదిమంది పిల్లలు వంతులవారీగా వాడుకుంటే ఎవరి చెవికీ సాధన అందదు. సొంతదైతే హాస్టల్లో రూమ్‌మేట్ల గుండెలూ ఊపిరులూ వినొచ్చు, సెలవులకు ఇంటికెళ్తే నాయనమ్మ బీపీ చూడొచ్చు. కఫ్‌లో గాలి వదులుతుంటే టక్ టక్ చప్పుడు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని వందసార్లు విన్న చెవికి తొట్రుపాటు ఉండదు. 1905లో రష్యన్ వైద్యుడు కొరోట్కోవ్ వివరించిన శబ్దాలే అవి. బోరు మోటారు రోజూ చేసే మోత తెలిసిన రైతుకే అది మారిన రోజు తెలిసినట్టు, ఆరోగ్యవంతుల ఛాతీ బాగా విన్న పిల్లకే రోగి ఛాతీలో తేడా పట్టుబడుతుంది. ఈ చదువుకు మొదటి సంవత్సరమే అదను. ఫీజుల్లో ఏవేవో కలిపే కాలేజీలు, విద్యార్థికొక సాదా స్టెత్ ఇచ్చి, దానితో వినడం నేర్పే గంటలు పెంచితే ఎంత మేలు!

కొన్నాక కాపాడుకోవడం పెద్ద పనేం కాదు. రోగికీ రోగికీ మధ్య స్పిరిట్ దూదితో చెస్ట్ పీస్ తుడవాలి. చెమటా నూనే తగిలితే గొట్టం గట్టిపడిపోతుంది కనుక మెడ చర్మానికి తగలకుండా కాలర్ మీద వేసుకోవాలి. నీళ్లలో నానబెట్టకూడదు. ఛాతీకి ఆనించే ముందు అరచేతిలో పట్టుకుని కాస్త వెచ్చబెడితే రోగి ఉలిక్కిపడడు.

వేలు పోసే కార్డియాలజీ స్టెత్ కోసం ఇప్పుడే అప్పు చేయనక్కర్లేదు. ఐసీయూలో ఉద్యోగం వచ్చి, తన చెవికి ఏం కావాలో తనకే తెలిశాక, సొంత జీతంతో కొనుక్కుంటుంది. నాన్న జేబులో మిగిలిన డబ్బుతో ఈలోగా కాళ్లకు మంచి బూట్లు కొనిస్తే మేలు. ఎనిమిది గంటల డ్యూటీలో కూర్చోవడం అరుదు.